పడ్డవాళ్లు ఎక్కడ లేవాలి?

ఈ మాటలు ఒక అక్కకీ తమ్ముడికీ మధ్య జరిగినవి. అక్కకి ‘సెలెస్ట్’ అంటే ప్రాణం. తమ్ముడు ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ పూర్తిచేసి ఇంకా ఆ ఊపులోనే ఉన్నాడు. రెండూ కొద్దిమంది కూర్చుని తయారుచేసిన ఇండీ ఆటలు. రెండింట్లోనూ పని ఒకటే: పరుగెత్తు, దూకు, గోడ పట్టుకో, పడితే చావు, మళ్లీ మొదలుపెట్టు. ప్లాట్‌ఫార్మర్ అంటే అంతే. మొదటి ఆటలో కష్టం తగ్గించుకోవడానికి మెనూలోనే వీలుంది, రెండో దాంట్లో లేదు. ఉండాలా అక్కర్లేదా అన్నది ఎప్పటినుంచో నలుగుతున్న వాదనే. కాకపోతే వీళ్లు ఫలానా గోడ, ఫలానా బెంచీ అంటూ చోటు చూపించి మరీ వాదించుకున్నారు. అందుకే రాయాలనిపించింది.

తమ్ముడు: సెలెస్ట్ గొప్ప ఆటే, కాదనను. ఆ అసిస్ట్ మోడ్ ఒక్కటే నాకు మింగుడు పడదు. గాల్లో దూసుకెళ్లే డాష్‌లు ఎన్ని కావాలంటే అన్ని ఇచ్చేస్తే, అందులో మనం ఆడే మాడెలిన్ ఇక కొండ ఎక్కదు, ఎగురుతుంది. ఎగిరి శిఖరం మీద వాలితే ఆ శిఖరానికి అర్థమేముంది?

అక్క: అందులో ఏముందో ముందు సరిగ్గా చెప్పుకుందాం. ఆట వేగాన్ని పదేసి శాతం చొప్పున సగం దాకా తగ్గించుకోవచ్చు. గోడ పట్టుకుని వేలాడేటప్పుడు పట్టు సడలకుండా చేసుకోవచ్చు. డాష్‌లు పెంచుకోవచ్చు. అసలు చావే లేకుండా చేసుకోవచ్చు. నువ్వు కోరుకుంటేనే, నీకు కావలసినంత మేరకే. నువ్వేమో చివరి రెండూ పట్టుకుని మొత్తాన్ని కొట్టేస్తున్నావు. నేను వాడింది మొదటిది. ఒక బి-సైడ్‌లో, అంటే మరింత కష్టమైన స్థాయిలో, వేగం ఎనభై శాతానికి దించాను.

తమ్ముడు: ఎందుకు? నీకు రాక కాదుగా.

అక్క: కుడి బొటనవేలి కీలు నొప్పిరా. పగలంతా ఆఫీసులో మౌస్ పట్టుకున్న చెయ్యి, రాత్రికి ఆ వేగాన్ని అందుకోదు. ఏ గోడ ఎప్పుడు వదలాలో, గాల్లో ఎటు డాష్ కొట్టాలో, కొట్టాక ఏ అంచు మీద వాలాలో అంతా నేనే కనుక్కున్నాను. వేలికి మాత్రం కాస్త వ్యవధి ఇచ్చాను. నేను ఎక్కలేదంటావా?

తమ్ముడు: ఎక్కావు. కానీ ఆట తీసినవాళ్లే మొదట్లో ఏం రాశారు? కష్టం ఈ అనుభవానికి అవసరం, మొదటిసారి అసిస్ట్ మోడ్ లేకుండానే ఆడమని సలహా ఇచ్చారు. ఆ మెనూ తెరవగానే కనబడేది ఆ మాటే.

అక్క: రాశారు. తర్వాత మార్చారు కూడా. అది చదివినవాళ్లలో కొందరికి తాము ఆడుతున్నది అసలు ఆట కాదన్నట్టు వినబడింది. చేతులు సరిగ్గా పనిచెయ్యనివాళ్లకి ‘మొదటిసారి ఇలా ఆడండి, తర్వాత అలా’ అన్న సలహా ఎందుకు పనికొస్తుంది? వాళ్లకి ఉన్న దారే ఒక్కటి. అందుకే వాక్యాలు తిరగరాశారు. సాయం ఇచ్చి దాని పక్కనే చిన్నచూపు పెట్టకూడదని వాళ్లకి తెలిసొచ్చింది. నాకు ఆ ఆట మీద గౌరవం పెరిగింది అక్కడే.

తమ్ముడు: సరే, నొప్పి ఉన్నవాళ్ల సంగతి పక్కన పెట్టు, అక్కడ నాకు పేచీ లేదు. కథ సంగతి చూద్దాం. ఆ ఆట గురించి నువ్వు ఎప్పుడూ చెప్పేది కథే కదా.

అక్క: కథ కాదు, కథ చేతిలోకి దిగే తీరు. నాలుగో అధ్యాయం చివర రోప్‌వే బండి మధ్యలో ఆగిపోతుంది. మాడెలిన్‌కి గుండె దడ, ఊపిరాడదు. పక్కనున్న థియో ఒక ఈకని ఊహించుకోమంటాడు. తెర మీద ఈక వస్తుంది. బటన్ నొక్కుతూ వదులుతూ దాన్ని కిందా మీదా పడకుండా నిలపాలి. అక్కడ చావూ లేదు, గెలుపూ లేదు, నీ ఊపిరి కూడా దాంతోపాటే నడుస్తుంది. ఆరో అధ్యాయంలో తనలోంచి విడివడిన రెండో మాడెలిన్ ఎదురైతే మళ్లీ ఆ ఈకనే తలుచుకుంటుంది. ఈసారి పనిచెయ్యదు. అట్టడుగుకి పడిపోతుంది. ఒకసారి పనిచేసిన ఉపాయం రెండోసారి చెయ్యకపోవడం అనేది ఆందోళనతో బతికేవాళ్లకి రోజూ ఉండేదే. దాన్ని ఒక్క ముక్క ఉపన్యాసం లేకుండా చూపించిన ఆట నేను ఇంకోటి చూడలేదు.

తమ్ముడు: ఉపన్యాసం ఉందక్కా. మాడెలిన్, థియో కూర్చుని బోలెడు మాట్లాడుకుంటారు. సిల్క్‌సాంగ్‌కి ముందు ఆట హాలో నైట్‌లో ఒక్క పాత్ర కూడా తన బాధకి పేరు పెట్టదు, నీకు నువ్వే అర్థం చేసుకోవాలి. నాకు అదే ఇష్టం. అయినా కానీ, తర్వాత ఏమవుతుందో చెప్పు.

అక్క: వెంటాడి వెంటాడి చివరికి ఆ రెండో మాడెలిన్‌ని తనలో కలుపుకుంటుంది. అప్పటిదాకా గాల్లో ఒక్క డాషే. ఆ క్షణం నుంచి రెండు. ఎర్ర జుట్టు గులాబీ రంగులోకి మారుతుంది. తర్వాత శిఖరానికి వెళ్లే దారంతా ఆ రెండు డాష్‌లతోనే.

తమ్ముడు: చూశావా, నా వాదన నువ్వే చెప్పావు. ఆరు అధ్యాయాలు ఒక్క డాష్‌తో బతికినవాళ్లకే ఆ రెండోది వరం. మొదటి నుంచీ లెక్కలేనన్ని డాష్‌లతో వచ్చినవాళ్లకి ఆ గులాబీ జుట్టు వట్టి రంగే. కథ చేతిలోకి దిగుతుందన్నావు. చేతికి కష్టం లేకపోతే దిగేదెక్కడ?

అక్క: అది నిజమే. వాళ్లకి ఆ ముక్క పోతుంది. ఈకా, రోప్‌వే, పాట, చివర శిఖరం మీద గాలి మాత్రం మిగులుతాయి. అసలు ఆడకపోయి ఉంటే అవి కూడా ఉండవు. పోయేదేదో తెలిసే వాళ్లు ఎంచుకున్నారు. ఆ ఎంపిక నా దగ్గర్నుంచి ఏమీ తీసుకుపోలేదు, నేను దాటిన గదులు నావే.

తమ్ముడు: నువ్వు గట్టిదానివి కాబట్టి అలా అంటున్నావు. నా మీద నాకు అంత నమ్మకం లేదు. సిల్క్‌సాంగ్‌లో అలాంటి మెనూ ఉండుంటే నేను వాడేసేవాణ్ని. రెండో రోజే. మొదటి హాలో నైట్‌లో ఏమైందో చూడు, డీప్‌నెస్ట్ అనే చోటులోకి దారి తప్పి దిగాను. చీకటి. గోడల వెనక కాళ్లు గీరుతున్న చప్పుడు. మ్యాప్ లేదు, ఎందుకంటే మ్యాపులు అమ్మే కార్నిఫర్ కూడా ఆ చీకట్లోనే ఎక్కడో కూర్చుని ఉంటాడు, వాణ్ని ముందు పట్టుకోవాలి. కొన్నా సరే, దిక్సూచి తగిలించుకోకపోతే నేనెక్కడున్నానో చూపించదు. నా డబ్బంతా ఇంకెక్కడో నా నీడ దగ్గర పడి ఉంది. అప్పుడు గనక ‘చావు వద్దు’ అనే మీట ఒకటి ఉండుంటే నొక్కకుండా ఉంటానా? నొక్కాక డీప్‌నెస్ట్‌లో ఏం మిగులుతుంది? చీకటి గదులు. అంతే. బయటికి తలుపు లేకపోవడమే ఆ చోటు.

(ఈ మాట నన్ను పట్టుకుంది. ‘ఉంటే నీకేం నష్టం, నువ్వు వాడకు’ అనే జవాబు తేలిగ్గా వచ్చేస్తుంది. మనిషి మనసు అలా పనిచెయ్యదు. పక్కన తేలిక దారి ఉందని తెలిశాక కష్టమైన దారి రుచి కొంత మారుతుంది. అక్క వైపు మొగ్గేవాళ్లు, నాతో సహా, ముందు ఈ సంగతి ఒప్పుకుని మాట్లాడాలి.)

అక్క: దయ లేని ఆట అసలు ఉందంటావా? సెలెస్ట్‌నే తీసుకో, అసిస్ట్ మోడ్ లేకుండా, నూరు శాతం వేగంలో. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లిపోయాక కూడా సెకనులో పదో వంతు సేపు నిన్ను దూకనిస్తుంది. నేల తగలకముందే తొందరపడి బటన్ నొక్కినా గుర్తుపెట్టుకుని, తగలగానే దూకిస్తుంది. పైకి ఎగిరేటప్పుడు రాతి మూలకి తల నాలుగు పిక్సెళ్ల మేర తగిలిందనుకో, ఆపెయ్యకుండా నిన్ను పక్కకి జరుపుతుంది. తెర మొత్తం 320 బై 180 పిక్సెళ్లే కాబట్టి నాలుగంటే చిన్నదేం కాదు. ముళ్లు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయో నువ్వూ ఆ దిక్కుకే కదులుతుంటే తగిలినా చంపవు. మ్యాడీ థార్సన్ ఇవన్నీ స్వయంగా విడమరిచి చెప్పారు. అంత కఠినమైన ఆట అని పేరు తెచ్చుకున్నది లోపల ఇంత మెతక.

తమ్ముడు: అది మెతకదనం కాదు, కొలత. అంచు ఎక్కడ అయిపోయిందో కంటికి ఖచ్చితంగా తెలియదు. మనం దూకామనే అనుకుంటాం, ఆట దూకలేదంటుంది. ఆ తేడాని పూడ్చారు. అది చేతికి న్యాయం చెయ్యడం. పైగా ఆ పదో వంతుని నిర్ణయించింది వాళ్లు. నేను కాదు. ఇది ఎనిమిదో వంతు కావాలా ఆరో వంతు కావాలా అని నన్ను అడిగితే నాకేం తెలుస్తుంది? అది తెలిసినవాళ్లనే కదా ఆట తీసేవాళ్లంటాం.

అక్క: ఏ చేతికి న్యాయం? ఆ పదో వంతు సరిపోయే చేతికి. సరిపోని చేతికి ఇంకో కొలత కావాలి. కొలిచేవాళ్ల ముందు లేని చేతులు లోకంలో చాలా ఉంటాయిరా. అసిస్ట్ మోడ్ అంటే ఆ సంగతి ఒప్పుకోవడమే.

తమ్ముడు: ...

అక్క: చిన్నప్పుడు సెలవుల్లో టీవీకి తగిలించుకుని మారియో ఆడేవాళ్లం, గుర్తుందా? వెడల్పు గుంట రాగానే కంట్రోలర్ నా చేతిలో పెట్టేవాడివి. నేను దాటించి నీకు తిరిగి ఇచ్చేదాన్ని.

తమ్ముడు: గుర్తుంది. నువ్వు దాటిస్తే నాకు కోపం కూడా వచ్చేది. అందుకే తర్వాత నేనే దాటడం నేర్చుకున్నాను.

అక్క: నేర్చుకున్నావు, ఎందుకంటే గుంట అవతల ఏముందో అప్పటికే చూశావు. చూడకపోయి ఉంటే మానేసి క్రికెట్‌కి పోయేవాడివి. అదీకాక ఆ ఆటల్లో మూడు లైఫులు ఎందుకుండేవో తెలుసా? అవి బజారులో నాణేలు మింగే మెషీన్ల నుంచి వచ్చిన అలవాటు. మూడుసార్లు చస్తే ఇంకో నాణెం వెయ్యాలి. దుకాణం లెక్క అది. ఇంట్లోకి వచ్చాక నాణెం పోయింది, లెక్క మాత్రం మిగిలింది. మనం దాన్ని ఆట ధర్మం అనుకున్నాం.

తమ్ముడు: దాన్ని వదిలించింది కూడా ఈ చిన్న బృందాలేగా! 2010లో వచ్చిన సూపర్ మీట్ బాయ్‌లో లైఫులకి విలువే లేదు. చచ్చిన మరుక్షణం మళ్లీ మొదట్లో ఉంటావు. స్టేజి దాటాక నువ్వు చచ్చిన ప్రయత్నాల్ని ఒకేసారి తెర మీద పరుగెత్తించి చూపిస్తుంది. గుంపుగా బయల్దేరి, ఒక్కొక్కరే రాలిపోతూ చివరికి ఒక్కడు చేరతాడు. అది చూస్తే చచ్చినందుకు సిగ్గుండదు. అదే ఏడాది వచ్చిన వీవీవీవీవీవీ ఆడావా? దూకడమే ఉండదు, నేలనీ కప్పునీ తారుమారు చేసుకుంటూ వెళ్లాలి. ఒక గదిలో చిన్న దిమ్మ అడ్డం. మోకాలెత్తు. దూకితే అయిపోయేది. దూకడం రాదు కాబట్టి ముళ్ల గదులన్నీ దాటుకుంటూ పైదాకా పడి, అక్కణ్నుంచి మళ్లీ అన్ని గదులూ కిందకి పడి, ఆ దిమ్మకి అవతలి పక్కన వాలాలి. అంతా ఒక చిన్న మెరిసే వస్తువు కోసం. దాటినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అక్క: ఆడాను. అదే వీవీవీవీవీవీలో, మెనూలోకి వెళ్తే, చావు లేకుండా ఆడే వీలుంది. వేగం తగ్గించే వీలూ ఉంది. సెలెస్ట్ కన్నా ఎనిమిదేళ్ల ముందే. అది తెలిస్తే నువ్వు కుర్చీలోంచి లేవకుండా ఉండేవాడివా?

తమ్ముడు: ఇప్పుడే తెలిసింది.

అక్క: అదే చెప్తున్నాను.

తమ్ముడు: తెలియకపోవడం వల్లే లేచానేమో. ఆ మాట కూడా ఉందిగా.

అక్క: సరే, నీ సిల్క్‌సాంగ్ దగ్గరికే వద్దాం. అందులో మనం ఆడే హార్నెట్‌కి మొదట ఐదు ముసుగులు, అంటే ఐదు ప్రాణాలు. బాసులూ, బలమైన పురుగులూ ఒక్క దెబ్బకి రెండు తీసేస్తాయి. ఐదుని రెండేసి చొప్పున తీస్తే మూడు దెబ్బలు. నానా తిప్పలూ పడి నాలుగు ముక్కలు ఏరుకొచ్చి ఆరో ముసుగు చేసుకున్నాను. ఆరుని రెండేసి చొప్పున తీసినా మూడు దెబ్బలే! ఇది కష్టమా, మోసమా? ఆట నాకు ఒక బహుమతి చేతిలో పెట్టింది, అది బాసుల ముందు దేనికీ పనికిరాలేదు.

తమ్ముడు: నువ్వు సగమే లెక్క వేశావు. హార్నెట్ ఒక్కసారి కట్టు కట్టుకుంటే మూడు ముసుగులు ఒక్కసారే తిరిగొస్తాయి. మొదటి ఆటలో ఒక్కొక్కటే వచ్చేది. ఆ కట్టుకి పట్టుదారం కావాలి, అది కావాలంటే శత్రువుని కొట్టాలి. అంటే దెబ్బ తిన్నవాళ్లు వెనక్కి పోకూడదు, మీదికి పోవాలి. రెండేసి తీసే దెబ్బకి జవాబు మూడేసి ఇచ్చే కట్టు. భయపడి మూల నక్కితే చస్తావు. ఆ ఆట నాకు నేర్పింది అదే. అలా రాసుకున్న లెక్కలోంచి ఒక్క అంకె తీసి మెనూలో పెట్టు, మిగతాదంతా ఒరిగిపోతుంది.

అక్క: కొట్టడం దాకా ఒప్పుకున్నాను. మరి ఆ బాస్, లాస్ట్ జడ్జ్? నేను ఆపేసింది ఆవిడ దగ్గర కాదు, ఆవిడ దగ్గరికి వెళ్లే దారిలో. చచ్చాక మళ్లీ లేచే బెంచీ కింద ఎక్కడో ఉంటుంది. అక్కడ లేచి, ఇసుక గాలి కొట్టే బ్లాస్టెడ్ స్టెప్స్ అంచు అంచూ పట్టుకుని ఎక్కి, పురుగుల్ని తప్పించుకుని పైకి చేరాలి. చేరేసరికే ఒక ముసుగు పోయుంటుంది. ఆవిడ నిప్పుల ధూపపాత్రని గొలుసుతో ఒక్క తిప్పు తిప్పుతుంది, మళ్లీ కింద బెంచీ. గెలిచాననుకునే క్షణంలో ఒళ్లు పేలి ఆ మంటలో కూడా చంపుతుందట. ఆ బాస్‌తో పోరాడటం నాకు నచ్చింది, చాలా నచ్చింది. కానీ నేను పోరాడింది మెట్లతో. సెలెస్ట్‌లో అంతకన్నా ఎక్కువే చచ్చాను. చచ్చిన ప్రతిసారీ అదే గది గుమ్మంలో రెప్పపాటులో లేచాను. చేతికి తప్పు ఇంకా గుర్తుండగానే దిద్దుకున్నాను. ఇక్కడ మెట్లు ఎక్కేలోపు ఏం తప్పు చేశానో మరిచిపోతున్నాను.

(నా మాట ఇక్కడ చెప్పేస్తాను. కష్టాన్ని చావుల లెక్కతో కొలవడం వల్లే ఈ వాదన ఇన్నేళ్లు తెగలేదు. చచ్చాక ఆట మన దగ్గర ఏం వసూలు చేస్తుందన్నది కొలవాలి. సెలెస్ట్ ఏమీ తీసుకోదు. మొదటి అధ్యాయం అయ్యాక ఒక పోస్టుకార్డు పంపి మరీ, ఎక్కువసార్లు చచ్చినందుకు గర్వపడమంటుంది. సిల్క్‌సాంగ్ సమయం తీసుకుంటుంది. కూడబెట్టిన జపమాల పూసల్ని చచ్చిన చోటే ఉంచేస్తుంది, వాటిని తిరిగి తెచ్చుకునేలోపు ఇంకోసారి చస్తే అవి పోయినట్టే. ఏ వసూలుకి ప్రతిఫలం ఉంది, ఏది ఊరికే నొప్పి అన్నది ఒక్కో చోటనీ చూసి తేల్చుకోవాల్సిందే. డీప్‌నెస్ట్ వసూలు చేసేదానికి ప్రతిఫలం ఉంది. ఆ మెట్లు మొదటిసారి ఎక్కినప్పుడు ఉంది. ఆ తర్వాత లేదని నేను అనుకుంటున్నాను.)

తమ్ముడు: ఆ మెట్లు కూడా ఆటే. ఫార్లూమ్ అనే ఆ లోకం అట్టడుగు నుంచి పైనున్న సిటాడెల్ దాకా యాత్ర అది. దారి పొడుగునా యాత్రికుల శవాలు చూశావు కదా. వాళ్లందరూ ఓడిపోయిన దారి నీకు మాత్రం సుళువుగా ఉంటే నమ్ముతావా? నేను నమ్మను. పైకి చేరి ఆ తలుపు తెరుచుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ మెట్ల వల్లే.

అక్క: హంటర్స్ మార్చ్‌లో బెంచీ సంగతి? వెతికి వెతికి బెంచీ దొరికిందని కూర్చుంటే అదీ ఉచ్చే! ఆ లోకంలో నమ్మదగ్గది ఒక్క బెంచీ. దాన్ని కూడా పాడుచేశారు.

తమ్ముడు: నాకు ఆ ఆట మొత్తంలో బాగా నచ్చిన చోట్లలో అదొకటి. ఆ ప్రాంతం వేటగాళ్లది. వేటగాళ్లు తమ ఇంట్లో నీకు కుర్చీ వేసి కూర్చోబెడతారా? ఆ ఉచ్చు పనిచెయ్యకుండా చేసే మీట దగ్గర్లోనే దాచారు, వెతికితే దొరుకుతుంది. ఆ తర్వాత ప్రతి బెంచీ ముందూ ఒక్క క్షణం ఆగి చుట్టూ చూశాను. ఒక్క బెంచీతో అన్ని బెంచీల్నీ మార్చేశారు. వాళ్ల ధైర్యం అది.

అక్క: ఆ ధైర్యవంతులే ఆట వచ్చిన కొద్ది రోజులకే ప్యాచ్ తెచ్చి మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే బాసుల కష్టాన్ని కాస్త తగ్గించారు. కొన్ని బెంచీలకి కట్టే పూసలు తగ్గించారు. ఆరున్నరేళ్లు ఆగి, ఒక్కో అంకెనీ తూచి పెట్టారన్నావు. తూకం తప్పిందనేగా దిద్దింది?

తమ్ముడు: దిద్దారు. 2019 ఫిబ్రవరిలో చెప్పి 2025 సెప్టెంబరు 4న ఇచ్చారు. మన టైము ప్రకారం సాయంత్రం ఏడున్నర. స్టీమ్ దుకాణమే కూలబడింది ఆ రాత్రి. ఆడిలైడ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది తీసిన ఆట లక్షల చేతుల్లోకి ఒక్కసారే పోయింది. మొదటి ఆటకి కిక్‌స్టార్టర్‌లో వాళ్లు అడిగింది 35,000 ఆస్ట్రేలియా డాలర్లు. హార్నెట్‌తో ఆడటం ఆ చందాల్లోనే ఒక చిన్న అదనపు హామీ, అదే పెరిగి సిల్క్‌సాంగ్ అయింది. అంతమంది ఒకేసారి ఆడితే తెలిసేది లోపల కూర్చుంటే తెలియదు. తెలిశాక దిద్దడం తూకం వదిలెయ్యడం కాదు. దిద్దింది వాళ్లే, అందరికీ ఒకేలా. అప్పుడూ అది మనందరం ఆడిన ఒకే ఆట. నువ్వు మూర్‌వింగ్ అనగానే నాకు తెలిసింది చూడు, ఆ ‘ఒకే ఆట’ పోకూడదని నా తాపత్రయం.

అక్క: ఆ మాట నాకు నచ్చింది. అందరం ఒకే చోట చచ్చాం అన్నదాంట్లో ఒక దగ్గరితనం ఉంది. కానీ సాయం దాన్ని చెరుపుతుందంటే ఒప్పుకోను. యానిమల్ వెల్ చూడు. బిల్లీ బాసో ఏడేళ్లు ఒక్కడే కూర్చుని తీసింది. అందులో కత్తి లేదు, యుద్ధం లేదు, చీకటి బావిలో జంతువులూ చిక్కుముళ్లూ. ఒక చిక్కుముడి అయితే ఒక్కరి వల్ల అసలు విడదు. ఒక బొమ్మని యాభై ముక్కలు చేసి ఒక్కొక్కరి ఆటలో ఒక్కో ముక్క పెట్టాడు. ఎక్కడెక్కడి వాళ్లూ తమ ముక్కలు తెచ్చి కలిపితే గానీ బొమ్మ రాదు. పక్కవాళ్ల సాయాన్ని ఆటలోనే రాసిపెట్టాడు. అది ఎవరి గెలుపునీ చిన్నది చెయ్యలేదు.

తమ్ముడు: మంచి ఉదాహరణే, కాకపోతే నాకు పనికొచ్చేది. అక్కడ కష్టమంతా తెలియకపోవడంలో ఉంది. దానికి అసిస్ట్ మోడ్ పెట్టమంటే ఏం తగ్గిస్తావు? జవాబు చెప్పేస్తావా? చెప్తే ఆట అయిపోయింది. కొన్ని కష్టాల్ని సగం చెయ్యలేం. సిల్క్‌సాంగ్ సగం అలాంటిదే. అందులో సాయం లేదని ఎవరన్నారు? ఎక్కడుందో వెతుక్కోవాలి. కిందికి కొట్టేటప్పుడు హార్నెట్ ఐమూలగా దూకుతుందని నీకు కోపం. వాండరర్ క్రెస్ట్ దొరికితే నిటారుగా కొడుతుంది, అచ్చం పాత ఆటలోలా. లాస్ట్ జడ్జ్ దగ్గర ఆపేశానన్నావు. సిటాడెల్‌కి ఆవిణ్ని దాటి వెళ్లాల్సిన పనే లేదు.

అక్క: ఏంటీ?

తమ్ముడు: ఇంకో దారి ఉంది. సిన్నర్స్ రోడ్ నుంచి మిస్ట్ అనే పొగమంచులోకి, అక్కణ్నుంచి పైకి. అక్కడా ఒక బాస్ ఉంది, వేరే రకం. మెట్లు లేవు.

అక్క: ఆ సంగతి ఆటలో ఎక్కడ చెప్పారు?

తమ్ముడు: చెప్పలేదు. ఒక చోట గోడ తగిలితే ఇంకో పక్కకి పోయి చూడాలి. ఆ ఆట మొదటి నుంచీ చెప్పేది అదొక్కటే.

అక్క: దొరకనివాళ్లు నాలాగే ఆపేస్తారు. సెలెస్ట్ చిన్న చిన్న దయలు దాచిపెట్టి, పెద్ద సాయాన్ని మొదటి పేజీలోనే రాసి పెడుతుంది. నీ ఆట రెండూ దాస్తుంది. అంత మంచి దారి వేసినవాళ్లు ఒక్క యాత్రికుడి నోటైనా ఒక మాట అనిపించొచ్చుగా, ‘ఇటు కాకపోతే అటు’ అని.

తమ్ముడు: అనిపిస్తే అది దారి సూచన అయిపోతుంది. నాకు దొరికినప్పుడు కలిగిన సంతోషం...

అక్క: నీకు కలిగింది. నాకు దారే కలగలేదు.

తమ్ముడు: సరే, ఇప్పుడు తెలిసిందిగా. సేవ్ ఫైల్ తియ్యి. సిన్నర్స్ రోడ్ నీ మ్యాప్‌లో ఉందో లేదో చూద్దాం.

అక్క: మిస్ట్‌లో దారెలా కనుక్కోవాలో కూడా చెప్పు.

తమ్ముడు: అది చెప్పను.